గుమ్మంలో పెట్టిన కత్తి

యోబు పదకొండేళ్లపాటు రోజూ తెల్లారగట్ట తుపాకీ పేల్చాడు. అన్నీ ఆకాశంలోకే. మనిషి మీద పేల్చింది ఒక్కసారి. ఆ పదకొండేళ్ల చప్పుడు ఎవరికీ గుర్తులేదు. ఆ ఒక్క చప్పుడే కాగితాల మీదికెక్కింది.

అతను వట్లూరు పక్క పేటలో పుట్టాడు. పదహారో ఏట తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు మొయ్యడానికి చేరి ఇరవై తొమ్మిదేళ్లు మోశాడు. ఉల్లి ఘాటుకు కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. "మా ఆయన ఏడవడు, ఏడిపించడు. కళ్లు మాత్రం అలా ఉంటాయి" అని భార్య హన్నమ్మ కొత్తవాళ్లకు చెప్పేది. నలభై ఐదో ఏట లారీ మీంచి బస్తా జారి నడుం మీద పడింది. మూడు నెలలు మంచంలో ఉండి లేచేసరికి మార్కెట్లో అతని చోట ఇంకొకడి నడుం పనిచేస్తోంది. అప్పుడే గణపవరం రైతు సుబ్బారావు తన చేపల చెరువులకు కాపలా మనిషిని వెతుకుతున్నాడు. నడుం వంగకపోయినా ఫరవాలేదు, కళ్లు తెరుచుకుని ఉంటే చాలన్నాడు.

సుబ్బారావువి ముప్పై ఎకరాలు. తండ్రి బతికున్నంతకాలం అందులో వరి పండింది. తండ్రి పోయాక తవ్వించి చెరువులు చేశాడు. కొల్లేటి వైపు వాలిన నేల అది. చివరి గట్టు దాటితే కాలవ, కాలవ దాటితే లంక గ్రామం, దాని వెనక కొల్లేరు. గట్టు మీద తాటాకు మకాం ఒకటి ఉండేది. ఒక గది, ఒక గుమ్మం, గుమ్మం ముందు పేడతో అలికిన అరుగు. కూతురు మెర్సీకి పెళ్లి చేసి పంపాక యోబు, హన్నమ్మ ఆ మకాంలోకి కాపురం మార్చారు.

మకాంలో మేకుకు తుపాకీ వేలాడేది. ఒంటి గొట్టం తుపాకీ. పంట కాపుకని సుబ్బారావు తండ్రి తెచ్చుకున్న లైసెన్సు, ఆయన తరువాత కొడుకు పేరుకు మారింది. లైసెన్సు గణపవరంలో బీరువాలో ఉండేది, తుపాకీ గట్టు మీద ఉండేది. ఎలక్షన్లు వస్తే తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాలి. సుబ్బారావు కారులో వెళితే, గోనెసంచిలో చుట్టిన తుపాకీని సైకిలుకు కట్టుకుని యోబు వెనకాల వెళ్లేవాడు. అక్కడి రైటరు కారును చూసేవాడు, సైకిలును చూసేవాడు, రసీదు మీద సుబ్బారావు పేరు రాసి ఇచ్చేవాడు. అందులో ఎవరి కంటికీ తప్పు కనిపించలేదు. పెద్దవాళ్ల తప్పులు చిన్నవాళ్ల సైకిళ్ల మీద వెళ్తుంటే కనిపించవు.

"లైసెన్సులో నీ పేరు కూడా ఎక్కించాలి యోబూ, కాపలా మనిషిగా. ఓసారి కలెక్టరాఫీసుకి వెళ్దాం" అని సుబ్బారావు ఏటా అనేవాడు.

"అలాగేనండి" అని యోబు ఏటా అనేవాడు.

ఆ మాట వాళ్లిద్దరికీ ఉగాది పచ్చడి లాంటిది. ఏడాదికోసారి నోట్లో వేసుకుని మరిచిపోయేవారు.

తెల్లారుతుంటే గూడబాతులు, నీటికాకులు గుంపులుగా చెరువు మీద దిగేవి. వాటిని చంపితే ఫారెస్టువాళ్లు కేసు పెడతారు. చంపడం యోబుకు ఇష్టమూ లేదు. ఆకాశంలోకి ఒక్కటి పేలిస్తే గుంపంతా లేచి పక్క చెరువు మీద వాలేది. పక్క చెరువు కాపలావాడు టపాకాయ కాలిస్తే తిరిగి ఇటు వచ్చేది. "పక్షులకి ఒళ్లు పెరగకుండా చూడ్డమే మన ఉద్యోగం" అనేవాడు యోబు.

ఆ లంకల్లో ఒక పాత పద్ధతి ఉండేది. ఒకరి చెరువులో దొంగతనంగా వల విసిరినవాడు కాపలావాడి కంటబడి, పారిపోయే దారి లేకపోతే, నోరెత్తకుండా నడుచుకుంటూ నేరుగా మకాం దగ్గరికి వెళ్లాలి. వలా కత్తీ గుమ్మంలో పెట్టి పక్కన కూర్చోవాలి. దారిలో మాట్లాడకూడదు. మాట్లాడితే వాదనకు దిగినట్టు. పరుగెత్తకూడదు. అలా పెట్టినవాడి మీద కాపలావాడు చెయ్యెత్తకూడదు. మర్నాడు ఇరువైపుల పెద్దలు కూర్చుని తేల్చేవారు. "గుమ్మంలో పెట్టేశాడు" అన్నారంటే గొడవ అక్కడితో సరి.

యోబు పనిలో చేరిన రెండో ఏడు ఒక ముసలాయన అలాగే వచ్చి, నీళ్లోడుతున్న వల గుమ్మంలో పెట్టి కూర్చున్నాడు. యోబుకు ఏమీ అర్థంకాక కర్ర పట్టుకుని నిలబడిపోయాడు. పక్క చెరువు కాపలావాడు వచ్చి సంగతి చెప్పాడు. హన్నమ్మ ముంతతో గంజి పోసింది. ముసలాయన ఒక గుక్క తాగి, "ఉప్పు తక్కువైందమ్మా" అన్నాడు.

"దొంగతనానికొచ్చినోళ్లకి ఉప్పు కూడానా అండి" అంటూనే హన్నమ్మ లేచి ఉప్పు తెచ్చి వేసింది.

ఆ తరువాత ఎవరూ అలా రాలేదు. ముసలాయన కూర్చున్న చోట హన్నమ్మ పొయ్యి కట్టెలు పేర్చుకుంది. దొంగలు వ్యాన్లు వేసుకుని రావడం మొదలైంది. ముదినేపల్లి వైపు ఒక చెరువు మీద కాపలావాడి తల పగలగొట్టి చేపలు పట్టుకుపోయారు. అతను బతికాడు గాని మాట పోయింది. ఆ వార్త విన్నాక హన్నమ్మ పడుకునేటప్పుడు లోపల గడియ వేసుకోసాగింది. యోబు ఆకాశంలోకి పేల్చాక ఇంకో తూటా ఎక్కించుకుని గట్టు తిరగసాగాడు.

కిందటేడాది జనవరి నెలాఖరున, పొగమంచు ఇంకా విడవని వేళ, యోబు పక్షులను లేపి వస్తుంటే చివరి చెరువులో వల పడిన చప్పుడు వినిపించింది. టార్చి వేశాడు. తాటిదోనెలో ఇద్దరు, గట్టు మీద ఒకడు. దోనెలో ఉన్నవాళ్లు కాలవలోకి తోసుకుని పోయారు. గట్టు మీదివాడు మిగిలిపోయాడు. ఒక చేతిలో వల, ఇంకో చేతిలో కత్తి. వాడు టార్చి వైపు ఒకసారి చూసి, వీపు తిప్పి, మకాం వైపు నడవడం మొదలుపెట్టాడు.

"ఎవడ్రా అది? ఆగు."

ఆగలేదు. పరుగెత్తనూ లేదు. అదే నడక.

"ఆగమంటున్నానా. నా దగ్గర తుపాకీ ఉంది."

జవాబు లేదు. మకాం తలుపు తీసి ఉంది. పొయ్యి వెలిగించడానికి హన్నమ్మ అప్పుడే లేచినట్టుంది, లోపల దీపం కనిపిస్తోంది. యోబు నడుం నొప్పి మరిచి పరుగెత్తాడు. లోపల గిన్నె ఏదో కిందపడిన చప్పుడైంది. వాడు గుమ్మానికి నాలుగడుగుల దూరంలో ఉన్నాడు, యోబు వాడికి ఇరవై అడుగుల వెనక ఉన్నాడు. వాడు ముందుకు వంగాడు. కత్తి ఉన్న చెయ్యి కదిలింది. యోబు గొట్టాన్ని కిందికి దించి కాళ్ల మీదికి పేల్చాడు.

పక్షులను బెదిరించే తూటాలోని చిన్న గుళ్లే అవి. అంత దగ్గరలో విడిపోవడానికి చోటు లేక అన్నీ ఒక్క ముద్దగా తొడ వెనక దిగాయి.

హన్నమ్మ బయటికి వచ్చి ఆ మనిషి తలను ఒళ్లో పెట్టుకుంది. యోబు తలపాగా విప్పి తొడకు బిగించి కట్టాడు. అప్పుడు పోల్చుకున్నాడు. కాలవ అవతలి బుల్లిరాజు. ముప్పై ఏళ్లుంటాయి. పొయ్యిలోకి తూటికాడ కోస్తూ, రొయ్యలు ఏరుతూ కనిపిస్తుండేవాడు.

"పెట్టేద్దామనే కదండి వచ్చాను" అన్నాడు బుల్లిరాజు, ఏదో చిన్న తప్పు జరిగిపోయినట్టు. "గుమ్మంలో."

యోబు చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్లీ ముడి బిగించాయి.

అంబులెన్సు ఆ గట్ల మీద తిరిగి తిరిగి వచ్చేసరికి అరగంట పైనే పట్టింది. బుల్లిరాజు భార్య కుసుమ దోనెలో కాలవ దాటి వచ్చి అందులో ఎక్కింది. భర్త తనతోనూ ఆ మాటే అన్నాడని ఆమె తరువాత చెప్పింది. ఏలూరు చేరకముందే అతను పోయాడు.

పోలీసుల కన్నా ముందు సుబ్బారావు వచ్చాడు. కారు రోడ్డు మీద వదిలి గట్టు మీద నడిచొచ్చాడు. అరుగు మీది రక్తం చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. అతను చెడ్డవాడు కాదు. చెడ్డవాడు కావలసిన అవసరం అంతవరకూ రాలేదు.

"యోబూ, తుపాకీ నేనిచ్చానంటే ఇద్దరం లోపలికి పోతాం. నీకు ప్లీడర్ని పెట్టడానికి బయట ఒకడన్నా ఉండాలి కదా."

"మీకు చెప్పకుండా తెచ్చుకున్నానని చెప్పమంటారా అండి?"

"చెప్పమనట్లేదు. అలా అయితే ఇద్దరికీ మంచిదంటున్నాను."

"పదకొండేళ్లు చెప్పకుండా తెచ్చానా అండి?"

"మొన్ననే తెచ్చావు" అన్నాడు సుబ్బారావు, చెరువు వైపు చూస్తూ. "మా ఇంటికి జీతం తీసుకోవడానికి వచ్చినప్పుడు."

యోబు మొదటి నుంచీ ఆ మాటే చెప్పాడు. మూడు నెలలు రిమాండులో ఉన్నాడు. బెయిలు ఇస్తూ కోర్టు సాక్షుల జోలికి వెళ్లకూడదని షరతు పెట్టింది. వెళ్లడానికి వేరే ఇల్లు లేక మళ్లీ ఆ మకాంలోకే వచ్చాడు. కాలవకు అటు కుసుమ బట్టలు ఉతుక్కునేది. ఇటు గట్టు మీద, తుపాకీ లేకుండా, డబ్బా వాయించి పక్షులను తోలుకుంటూ యోబు నడిచేవాడు. ఆ రేవు దగ్గరికి వచ్చేసరికి కోర్టు చెప్పినట్టే తల పక్కకు తిప్పుకునేవాడు. కోర్టు చెప్పకపోయినా తిప్పుకునేవాడే.

సుబ్బారావు పెట్టిన ప్లీడరు పేరు శ్యామ్ సుందర్. తాడేపల్లిగూడెంలో ఆఫీసు. కొత్త చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లన్నీ మారినా ఆయన నోటికి పాతవే వచ్చేవి. పాతది చెప్పి, గోడకు అంటించిన కాగితం చూసి, కొత్తది చెప్పేవాడు.

"చూడు యోబూ. చేపల కోసం మనిషిని చంపే హక్కు లేదు. పారిపోయేవాణ్ణి వెనకనుంచి కాల్చే హక్కూ లేదు. పోలీసుల్ని పిలిచే తీరిక ఉన్నప్పుడు తుపాకీ తియ్యకూడదు. తీసినా అవసరానికి మించి దెబ్బ తియ్యకూడదు. ఇవన్నీ సర్కారు ప్లీడరు చెబుతాడు. మనం చెప్పేది ఒకటే. నీ భార్య ప్రాణానికి ముప్పొచ్చిందని నీకు అనిపించింది. పాత వంద, కొత్త ముప్పై ఎనిమిది."

"నిజంగా ముప్పు ఉండాలాండి?"

"అక్కర్లేదు. ఉందని నువ్వు నమ్మాలి. నీ చోట తిన్నగా ఆలోచించేవాడు ఇంకెవడున్నా నమ్మేలా ఉండాలి. వాడి మనసులో ఏముందన్నది కాదు, ఆ నిమిషంలో నీ మనసులో ఏముంది? అదే కేసంతా. అది చూపించాల్సిన బరువు కూడా మన మీదే ఉంటుంది."

యోబు తన అరచేతులు చూసుకున్నాడు. బస్తాల కాలం నాటి కాయలు ఇంకా పోలేదు. ఆ నిమిషంలో తన మనసులో ఏముందో ఈ నెలలన్నీ అతను వెతుకుతూనే ఉన్నాడు.

"ఇందులో ఒకటే ముల్లు" అన్నాడు శ్యామ్ సుందర్. "ఆ కుసుమ, గుమ్మంలో పెట్టడానికి వెళ్లాడంటోంది. అననీ. నువ్వు వట్లూరు మనిషివి, లంకల సంగతి నీకేం తెలుసు? చివర్లో జడ్జి గారు నిన్ను అడుగుతారు, ఈ పద్ధతి నీకు తెలుసా అని. 'తెలియదండి' అను. ఒక్క మాట."

"తెలుసంటే?"

"లొంగిపోతున్నవాణ్ణని తెలిసి కాల్చావన్నమాట. ఇంక హక్కూ లేదు, గిక్కూ లేదు. పదేళ్లు."

"భయమేసిందండి, నిజంగానే."

"వేసింది కదా. అందుకే తెలియదను. నీ భయానికి అడ్డొచ్చేవన్నీ పక్కకి తియ్యడమే నా పని." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "తుపాకీ సంగతి వేరే. అది నీ పేరున లేదు, నీ చేతిలో ఉంది. దానికి భయం జవాబు కాదు. అది పోతే పోతుంది. ముందు పెద్దది చూద్దాం."

ఆ సాయంత్రం మకాంలో హన్నమ్మ పొయ్యి ఊదుతుంటే యోబు ఆ సంగతి చెప్పాడు.

"తెలియదని చెప్పమన్నాడే."

"మరి ఆ ముసలాయనకి గంజి పోసిందెవరయ్యా? నేను కాదూ?"

"నిన్నడగరు. నిన్ను సాక్ష్యం వెయ్యనన్నాడు. నీ నోటికి గడియ లేదంట."

"ప్లీడరు తెలివైనోడే" అంది హన్నమ్మ. ఊదుగొట్టం పక్కన పెట్టి అతని వైపు తిరిగింది. "ఇన్నాళ్లూ నేనడగలేదు. అప్పుడు నీకు గుర్తొచ్చిందా, గుమ్మంలో పెట్టడం?"

యోబు ఒక కట్టె పొయ్యిలోకి తోశాడు.

"ఏదో మెదిలిందే. నోరెత్తకుండా అలా నడిచే మనిషిని ఎక్కడో చూశాననిపించింది. ఎక్కడో అందలేదు. అంతలో లోపల గిన్నె పడింది. లోపల నువ్వున్నావన్నదొక్కటే మిగిలింది. మిగతాదంతా పోయింది."

"గిన్నె పడేసింది నేనేగా."

"నిన్ననట్లేదు."

"అనట్లేదులే. నేనే అనుకుంటున్నా."

హన్నమ్మ ఊదుగొట్టం అందుకుని మళ్లీ పొయ్యి ఊదింది.

ఈ ఏడు ఎండాకాలంలో ఏలూరు కోర్టులో విచారణ జరిగింది. డాక్టరు వచ్చి దెబ్బ వెనకనుంచి తగిలిందన్నాడు. పోలీసులు కత్తిని సంచిలోంచి తీసి చూపించారు. లంక పెద్దలను సర్కారు ప్లీడరు పిలిపించాడు. ఒక్కడూ నోరు విప్పలేదు. అలాంటి పద్ధతేదీ తమ ఊళ్లో లేదన్నారు. ఉందంటే తమ ఊరివాళ్లు చేపలు దొంగిలిస్తారని ఒప్పుకున్నట్టవుతుంది. చనిపోయినవాడి కోసం ఊరి పరువు పోగొట్టుకునే పెద్దలు ఏ ఊళ్లోనూ ఉండరు.

కుసుమ ఒక్కతే మిగిలింది. బోనులో నిలబడి చెంగు చేతిలో పట్టుకుని, భర్త దారిలో అన్న మాట చెప్పింది.

శ్యామ్ సుందర్ లేచాడు. "ఏమ్మా, నువ్వక్కడ లేవు కదా, కాల్చినప్పుడు?"

"లేనండి."

"నీ భర్త దొంగతనానికే వెళ్లాడు కదా?"

"వెళ్లాడండి."

"వ్యాన్లేసుకొచ్చి తలలు పగలగొట్టే ఈ రోజుల్లో, గుమ్మంలో కత్తిపెట్టి బుద్ధిగా కూర్చునేవాడు ఎవడమ్మా?"

"మా ఆయనండి."

"ఇంకెవడైనా ఉన్నాడా?"

"ఇంకోళ్ల సంగతి నాకు తెలవదండి. మా మామ నేర్పాడు ఈయనకి. దొరికితే నోరెత్తకు, పెట్టెయ్, అంతేరా అనేవాడు."

శ్యామ్ సుందర్ చిన్నగా నవ్వి కూర్చున్నాడు. వెనక బల్లల మీద ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. కుసుమ ఎవరు నవ్వారో చూడలేదు. దిగేటప్పుడు మెట్టు మీద తడబడి, బోను చెక్క పట్టుకుని నిలదొక్కుకుంది.

యోబు ఆ నవ్వు విన్నాడు. ఆ హాల్లో కుసుమ మాట నిజమని చెప్పగల మనిషి ఇంక తనొక్కడే. ఒక్క మాటతో తను బయటపడతాడు. అదే మాటతో బుల్లిరాజు ఎప్పటికీ కత్తెత్తి ఆడమనిషి మీదికి పోయిన బందిపోటుగా కాగితాల్లో ఉండిపోతాడు.

మూడు రోజుల తరువాత జడ్జి గారు అతన్ని పిలిచి ఒక్కొక్కటే అడగసాగారు. ఆయన మెల్లగా, ప్రతి ప్రశ్నా అతనికి అర్థమైందో లేదో చూసుకుంటూ మాట్లాడే మనిషి.

"తుపాకీ మీ దగ్గరికి ఎలా వచ్చింది?"

"యజమాని ఇంట్లోంచి నేనే తెచ్చుకున్నానండి. ఆయనకి తెలియదు."

వెనక సుబ్బారావు కుర్చీ కిర్రుమంది.

"మృతుడు ఆయుధం గుమ్మం దగ్గర పెట్టి లొంగిపోవడానికే వెళ్లాడనీ, అది ఆ ప్రాంతపు పద్ధతనీ సాక్షి కుసుమ చెప్పింది. ఆ పద్ధతి గురించి మీకు తెలుసా?"

శ్యామ్ సుందర్ పెన్నుతో బల్ల మీద మెల్లగా తట్టాడు.

"తెలుసండి" అన్నాడు యోబు.

టైపు చేస్తున్నామె చేతులు ఆగాయి. జడ్జి గారు తలెత్తారు. "ప్రశ్న అర్థమైందా? మళ్లీ చెప్పండి."

"తెలుసండి. నా కళ్లతో ఒకసారి చూశాను. ఒక ముసలాయన వచ్చి పెట్టాడు. మా ఆవిడ గంజి పోసింది. ఆ అమ్మాయి చెప్పింది నిజమేనండి. బుల్లిరాజు నాతో కూడా అన్నాడు, పెట్టడానికే వచ్చానని. తొడకి గుడ్డ కడుతుంటే అన్నాడు. కాల్చేటప్పుడు మాత్రం అది గుర్తు రాలేదండి. వచ్చుంటే కాల్చేవాణ్ణి కాదు. లోపల మా ఆవిడ ఉంది. వాడు పిలిస్తే పలకలేదు. నాకు భయమేసింది."

"ఇంకేమైనా చెప్పుకుంటారా?"

"లేదండి. రాసుకోండి."

వరండాలోకి వచ్చాక శ్యామ్ సుందర్ అతని వైపు చూడకుండా అన్నాడు. "నీ అంత నిజాయితీపరుణ్ణి నాకు ఇంకెప్పుడూ అంటగట్టొద్దని మీ సుబ్బారావు గారికి చెబుతాను."

ఇరవై రోజులకు తీర్పు వచ్చింది. ఈలోగా సుబ్బారావు మకాంలోకి కొత్త మనిషిని చూసుకున్నాడు. తీర్పు ఎలా వచ్చినా చెరువుకు కాపలా ఉండాలి కదా అన్నాడు. హన్నమ్మ సామాను మూడు మూటలు కట్టింది.

జడ్జి గారు చదివారు. పద్ధతి తెలిసి ఉండటం వేరు, ఆ క్షణంలో అది మనసుకు తట్టడం వేరు అన్నారు. మసక వెలుతురులో, ఆగమన్నా ఆగకుండా, చేత కత్తితో భార్య ఉన్న గది వైపు పోయే మనిషిని చూసినవాడి భయాన్ని బంగారం తూచే త్రాసులో తూచకూడదన్నారు. కాళ్ల మీదికే గురిపెట్టాడన్నారు. తనకు చేటు చేసే సంగతిని తానే ఒప్పుకున్న మనిషి గనుక ఇతని మాట నమ్మదగిందన్నారు. బుల్లిరాజు చావు విషయంలో యోబు నిర్దోషి.

అక్కడితో ఆగలేదు. లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకోవడం వేరే నేరం, భయం దాన్ని మాఫీ చెయ్యదు అన్నారు. యజమానికి తెలియకుండా తెచ్చానని ముద్దాయి చెప్పాడు. నమ్మదగిన మనిషి గనుక ఆ మాటా నమ్ముతున్నామన్నారు. రెండేళ్లు జైలు. రిమాండులో ఉన్న రోజులు పోను. తుపాకీ ప్రభుత్వానికి జప్తు.

యోబు నిజం చెప్పడం వల్ల అతని అబద్ధం కూడా నిలబడింది. వెనక బల్ల మీద సుబ్బారావు చేతిరుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఇవాళే అప్పీలుకి టైమడుగుతాను. శిక్ష ఆపిస్తారు, సాయంత్రానికి ఇంటికి పోవచ్చు" అన్నాడు శ్యామ్ సుందర్, ఈసారి అతని మొహంలోకి చూస్తూ.

"వద్దులెండి."

"పిచ్చా నీకు? చావు కేసే కొట్టేశారు, ఈ ముక్క కోసం లోపలికి పోతావా?"

"ఒక మనిషి పోయాడు కదండి. ఏదో ఒకదానికి వెళ్లొస్తాను."

కానిస్టేబులు వరండాలో కాగితాలు రాయించుకుంటుంటే కుసుమ వచ్చి రెండడుగుల దూరంలో నిలబడింది. యోబు అలవాటుగా తల తిప్పుకోబోయి, ఇంక అక్కర్లేదని గుర్తొచ్చి ఆగాడు.

"మీకు తెలుసన్నారు" అంది కుసుమ.

"తెలుసమ్మా."

"ఆ మాట మొదటి రోజే అనొచ్చు కదండి. ఏడాదిన్నర. ఊళ్లోవాళ్లే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. దొంగ పెళ్లాం అన్నారు, సరే, దొంగే. కత్తెత్తాడన్నారు చూడండి, అది."

"తప్పేనమ్మా" అన్నాడు.

"నేను మిమ్మల్ని ఏం అనుకోవాలో నాకు తెలవట్లేదండి" అంది ఆమె. మెట్లు దిగి బస్టాండు వైపు వెళ్లిపోయింది. వెనక్కి తిరగలేదు.

హన్నమ్మ తువ్వాలు, మందు బిళ్లలు, ఒక జత బట్టలు సంచిలో పెట్టి తెచ్చింది.

"కొత్తాయనకి చెప్పావా?" అని యోబు అడిగాడు. "ఎవరన్నా నోరెత్తకుండా గుమ్మం వైపు వస్తే..."

"పొద్దున్నే చెప్పానయ్యా."

"ఏమన్నాడు?"

"నవ్వాడు. ఇప్పుడెవడు పెడతాడు పిన్నీ అన్నాడు. తుపాకీ కోర్టు నుంచి రాగానే నీకే అని సుబ్బారావు గారు మాటిచ్చారంట. జప్తైందని వాడికింకా తెలియదు."

యోబు సంచి భుజానికి తగిలించుకున్నాడు. కానిస్టేబులు పదమన్నట్టు చెయ్యి ఊపాడు. నాలుగడుగులు వేసి యోబు ఆగాడు.

"నువ్వు మిగతా మూట తెచ్చుకోవడానికి వెళ్తావు కదా. గుమ్మం పక్క మన కట్టెలు అలాగే ఉన్నాయి. తీసి వెనకపక్క పేర్చెయ్."

"వాడు చూసుకుంటాడ్లే."

"వాడు తియ్యడు. నువ్వే తీసెయ్యి" అన్నాడు యోబు. "ఎవరన్నా వస్తే కూర్చోడానికి చోటుండాలి."